ఆఖరి భాగం చూడని మా అత్త

మా అత్త పోయిందని నాన్న ఫోన్ చేసేటప్పటికి నేను రాజాంలో పనిచేసే కాలేజీ ల్యాబ్‌కి తాళం వేస్తున్నాను. "మీయత్త ఎలిపోనాదమ్మా. బేగి రా" అన్నాడు. ఎప్పుడని అడిగాను. "మజ్జానం అయ్యుంటాది. ఎవులూ సూడనేదు. సాయంత్రం కొట్టుకాడికి రానేదని మీయమ్మ ఎల్లి సూసినాది" అన్నాడు. ఆ 'అయ్యుంటాది' అన్న మాట దగ్గర మొదలైంది నా కోపం. నెల దాటింది, ఇంకా తగ్గలేదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనసు మెత్తగా ఉండాలంటారు. నాది మెత్తగా లేదు. ఉన్నట్టు నటిస్తూ రాస్తే మా అత్త ఊరుకోదు.

మా అత్త అంటే మా నాన్నకి చెల్లెలు. శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. పొద్దున్నే ఒడ్డుకొచ్చిన చేపలు వేలంపాటలో పట్టుకుని, గంప ఆటోలో వేసుకుని అరసవల్లి వైపు వీధుల్లో అమ్మేది. ఆదివారం మాత్రం అటు వెళ్లేది కాదు. "ఆదోరం ఆ దేవుడి వీదుల్ల సేపముక్క ఎవులు కొంటారే" అని టౌన్లో ఇంకో వైపు తిరిగేది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం తిని, తలుపు చేరేసుకునేది. పిల్లలు లేరు. నన్ను 'కోడలా' అని పిలిచేది. కొడుకే లేనిదానికి కోడలెక్కడిదని ఎవరైనా ఎకసెక్కమాడితే, "నా నోరు, నా పిలుపు. నీకేటి నొప్పి?" అనేది.

మావయ్య వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ముందు రోజు సాయంత్రం ఇద్దరూ ఏదో చిన్న విషయానికి పోట్లాడుకున్నారు. జాతరకి తీసుకెళ్తానని మాటిచ్చి, వల బాగుచెయ్యాలని మానేశాడు. అత్తకి ఉక్రోషం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆయన లేచి వెళ్తుంటే అన్నం క్యారేజీ కట్టివ్వలేదు, అటు తిరిగి పడుకుంది. ఆయనా అడగలేదు, అలిగి వెళ్లాడు. పడవలో నలుగురు వెళ్లారు, ముగ్గురొచ్చారు. వల లాగేటప్పుడు కాలు జారి పడ్డాడన్నారు. ఒంటి జాడ దొరకలేదు. ఎన్నాళ్లు ఎదురుచూస్తామని పెద్దలు గడ్డితో మనిషి బొమ్మ చేసి దహనం చేయించారు. అత్త ఆ మంట వైపు చూడలేదు. "గడ్డిని ముట్టించి మావంటారేటి? మా మావ గడ్డేటి?" అంది. అదొక్కటే అంది, ఏడవలేదు కూడా. ఆ తర్వాత మూడేళ్లు ఆమె గట్టిగా నవ్వగా ఎవరూ వినలేదు.

ఇప్పుడు కొరియా సీరియళ్ల సంగతి చెప్పాలి. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నేను చదువుకున్న కాలేజీ హాస్టల్లో అవి పెన్‌డ్రైవుల్లో గది నుంచి గదికి తిరిగేవి. పరీక్షల్లో కూడా ఆగేవి కావు. దసరా సెలవులకి లాప్‌టాప్‌తో పాటు ఒకటి ఇంటికి మోసుకొచ్చాను. అత్త ఇంట్లో కరెంటు సరిగా ఉండేదని అక్కడ కూర్చుని చూస్తున్నాను. అది దెయ్యం కథ, ప్రేమ కథ, నవ్వులాట, మూడూ కలిపిందే. ఒక బస్సు నడిపే అమ్మాయి. ఆ బస్సు ఆఖరి సీటులో ఒక కుర్రాడి దెయ్యం. ఆమె ఒక్కదానికే కనిపిస్తాడు. తను దిగాల్సిన స్టాపేదో మరిచిపోయి, రోజూ ఆ బస్సులోనే తిరుగుతుంటాడు. ఊరికే బెల్లు కొడతాడు. బస్సు ఆపుతుంది, ఎవరూ దిగరు. ఆమె వెనక్కి తిరిగి తిడుతుంది, అతను కిటికీ వైపు మొహం తిప్పేసుకుంటాడు.

అత్త ఎండుచేపలు ఏరుకుంటూ ఓరకంట చూస్తోంది. "ఆడేటే, అలగా మొకం తిప్పీసినాడు?" అంది.

"అలిగాడత్తా. దెయ్యం అది."

"దెయ్యం అలుగుతాదేటి?" అని చేతిలోది పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. కింద ఇంగ్లీషులో పడే మాటలు చదివి, మన మాటల్లో చెప్పడం మొదలుపెట్టాను. ఆ దెయ్యానికి ఎప్పుడూ ఆకలే. ఆ అమ్మాయి డిపోలో కూర్చుని నూడుల్స్ తింటుంటే, ఎదురుగా కూర్చుని గిన్నెలోకే చూస్తాడు. ఆమె విసుక్కుంటూ ఇంకో గిన్నె తెచ్చి అతని ముందు పెడుతుంది. చుట్టుపక్కలవాళ్లు ఆమెకి మతి చెడిందనుకుంటారు. అక్కడ మా అత్త నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను కంగారుపడి ఆపబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "ఉంచు. అన్నం ఎట్టింది గదే" అంది.

ఈ కథల్లో ఏముందని ఇంత పిచ్చి అని చాలామంది నన్ను అడిగారు. ఒకప్పుడు సరదాగా ఉంటాయని చెప్పేదాన్ని. ఇప్పుడు అత్త చెప్పిందే చెప్తాను. "మన సినిమాల దెయ్యానికి పగ తప్ప ఇంకోటి నేదే. తిండి నేదు, సిగ్గు నేదు, సరసం నేదు. జుట్టిరబోసుకుని పీకలు కొరకడమే. సచ్చిపోనంత మాత్రాన మనిషికి బుద్దులెక్కడికి పోతాయి? అలిగీవోడు అలుగుతాడు, తిండిపోతు తింటాడు. ఈళ్లు ఆ సంగతి ఎరుగుదురు." మా ఇళ్లలో మనిషి పోతే పదకొండో రోజుకల్లా గుమ్మం కడిగి, మళ్లీ రావద్దని సాగనంపేస్తారు. వచ్చాడంటే భయం, రాలేదంటే దిగులు. ఆ రెండింటి మధ్య నవ్వుకోవడానికి చోటుందని, పోయినవాడితో ఇంకా పోట్లాట మిగిలి ఉండొచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఎక్కడో సముద్రాల అవతల, పేరు పలకడం రాని దేశం వాళ్లు చెప్పారు. భయపడాల్సిన చోట నవ్వించి, నవ్వుతుండగా గొంతులో ముద్ద అడ్డం పడేట్టు చెప్పారు.

ఒక్క విషయంలో మాత్రం మొండికేసింది. ఆఖరి భాగం చూడనంది. ఆ కథల్లో చివరికి దెయ్యం వెళ్లిపోక తప్పదని తొందరగానే కనిపెట్టేసింది. "ఆడికి స్టాపు గుర్తొచ్చీస్తాది. దిగీస్తాడు. ఇంక నాను సూడను, నువ్వూ సెప్పొద్దు" అంది. దాని తర్వాత ఎన్ని సీరియళ్లు చూసిందో లెక్కలేదు. ఒక్కదాని చివరిదీ చూడలేదు. ఆమె లెక్కలో ఆ దెయ్యాలన్నీ ఇంకా ఎక్కడివక్కడే ఉన్నాయి, తింటూ, అలుగుతూ.

సెలవులయ్యాక నా పాత ఫోన్ ఇచ్చాను, మెమరీ కార్డు నిండా కథలు వేసి. నువ్వెళ్లిపోతే ఎవులు సెప్తారే అని దిగులు పడితే, నేనే అన్నాను, "భాష రాకపోతేనేం అత్తా, వాళ్ల మొహాలు చూసి నువ్వే చెప్పుకో" అని. నేనే అన్నాను. ఈ మాట నాకు నిద్రలో కూడా వినిపిస్తోంది. ఆమెకి ఆ ఆట బ్రహ్మాండంగా నచ్చింది. అమ్మాయి మాటలు తన గొంతుతో, దెయ్యం మాటలు గొంతు బొంగురు చేసి, ఇద్దరి మాటలూ తనే చెప్పేది. ఇయర్‌ఫోన్లు ఇస్తే "సెవుల్ల పుల్లలేటి" అని పక్కన పడేసింది. నేను వచ్చినప్పుడల్లా కథ చెప్పేది. అసలు కథకీ ఆమె కథకీ పొంతన ఉండేది కాదు. ఆమెదే బాగుండేది.

మావి తుఫాను తర్వాత కట్టిన కాలనీ ఇళ్లు. రెండేసి ఇళ్లకి మధ్య ఒకటే గోడ. ఆ గోడకి అవతల ఉండే ఆవిడని మేం పెద్దమ్మ అంటాం, వరసేమీ లేదు. మధ్యాహ్నం పూట తలుపులు వేసిన ఇంట్లో ఒంటరి మనిషి, "ఏటి మావా, సచ్చినా నీ అలక సావనేదా? దిగిపో మరి, ఎవులాపినారు?" అంటోంది. బొంగురు గొంతు ఏదో బదులు చెప్తోంది. "ఒద్దొద్దు, కూకో. అన్నం తినెల్లు" అంటోంది. మధ్యమధ్య ఎవరికీ అర్థంకాని భాషలో మగవాడి మాటలు. పెద్దమ్మ నాలుగు రోజులు విని ఊరంతా చెప్పింది. ఒంటి జాడ దొరకనివాడు, గడ్డిబొమ్మతో సరిపెట్టినవాడు, తిరిగొచ్చాడన్నారు. మరి ఆ భాషేమిటని ఎవరికో అనుమానం వచ్చింది. దానికీ జవాబు చెప్పుకున్నారు. సముద్రంలో పడ్డవాడు ఏ దేశం ఒడ్డుకి కొట్టుకెళ్లాడో, అక్కడ తిరిగి తిరిగి వాళ్ల మాటలు నేర్చుకొచ్చాడట! మా ఊళ్లో కొందరు గాలివాటాన ఎక్కడెక్కడికో కొట్టుకుపోయి నెలల తర్వాత ఇల్లు చేరినవాళ్లే. అందుకని అందరూ నమ్మేశారు. ఎంత తెలివైన ఊరో చూడండి. ఇంత కథ అల్లగలిగిన వాళ్లకి తలుపు తట్టి, "ఏటి సూస్తన్నావమ్మా?" అని అడగడం మాత్రం చేతకాలేదు.

ఒక మధ్యాహ్నం తలుపు గడియ ఊడేలా తోసుకుని పదిమంది లోపలికొచ్చారు. వెంట మంత్రగాడు. ఆ పదిమందిలో మా నాన్న ఉన్నాడు. అత్త "సినిమారా బాబూ, పోన్ల సినిమా" అని మొత్తుకుంది. భాష రానిదానివి సినిమాకి బదులెలా చెప్తున్నావన్నారు. ఫోన్ తీసుకెళ్లి ఉప్పునీళ్ల కుండలో పడేశారు. నాన్న ఆమె చేతులు రెండూ వెనక్కి పట్టుకున్నాడు. మంత్రగాడు వేపమండలతో కొట్టాడు.

ఆ శనివారం నేను ఇంటికి వస్తే అత్త బోర్లా పడుకుని ఉంది. అమ్మ వీపుకి కొబ్బరినూనె రాస్తోంది. ఏం జరిగిందో అత్తే చెప్పింది.

"ఎవులు నువ్వు, ఎవులు నువ్వనడుగుతాడే. నాను నానే అన్నాను. మళ్లీ కొట్నాడు. సేపలమ్ముకునీదాన్ని అన్నాను. మళ్లీ కొట్నాడు. నా పేరు సెప్తే నమ్మడే! ఆకరికి విసుగొచ్చి, మావనిరా అన్నాను. అప్పుడాపినాడు. ఏటి గావాలి నీకు అనడిగినాడు."

"ఏం చెప్పావత్తా?"

"అన్నం గావాలన్నాను. ఆ రోజు అన్నం తిన్నాను కాను, ఆకలితో ఎల్లినాను అన్నాను. మీ నాన ఎక్కెక్కి ఏడిసినాడే. ఆడే వండించి, ఇస్తరేసి, సేపలపులుసు ఏసి, బావా తినరా బావా అని ముద్దలు కలిపి ఎట్టినాడు." నొప్పికి మొహం చిట్లించుకుని, "దెబ్బలు తిన్నాను గాని కోడలా, మీ మావకి ఆ అన్నం ఎట్టించీసినాను" అంది.

తర్వాత ఈ మాట విన్నవాళ్లు చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు. ఒక మనిషి తన మొగుడికి ఒక ముద్ద పెట్టించుకోవడానికి అన్ని దెబ్బలు తినాలా? బస్సు కథలో ఆ పిల్ల తనలో తాను మాట్లాడుతుంటే ప్యాసింజర్లు సీటు మారి కూర్చున్నారు, అంతే. కొట్టలేదు. దెయ్యంతో మాట్లాడిన మనిషిని కూడా వాళ్లు మనిషిగానే చూశారు. మావాళ్లు సినిమాతో మాట్లాడినందుకు చేతులు విరిచి పట్టుకున్నారు. ఆ సాయంత్రం నాన్నని ఇంటి ముందు నిలబెట్టి అడిగాను. "నానేటి సేస్తానే? పదిమందీ అన్నారు" అన్నాడు. ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు. అత్త మాత్రం పదిరోజులకే మాట్లాడింది. "ఆడూ బయపడినాడు. మా మావంటే ఆడికీ పేనమే" అని వెనకేసుకొచ్చింది. అది ఆమె మంచితనం. నాకు లేదు, తెచ్చిపెట్టుకోను కూడా.

నాకు ఉద్యోగం రాగానే కొత్త ఫోన్ కొన్నాను. ఊళ్లో ఇంటింటికీ పట్టుకెళ్లి చూపించాను, ఇదిగో మీరు కొట్టిన దెయ్యం, పౌడరు రాసుకుని పాటలు పాడుతోంది చూడండని. పెద్దమ్మ చూసి, "సినిమా అయితే ముందే సెప్పొచ్చు గదా" అంది. అత్త అప్పట్నుంచి తలుపు బార్లా తీసి కూర్చునేది. "తలుపేసుకుంటే దెయ్యమన్నారు. తీసే సూస్తాను. ఇనుకోనీ" అని ఇంకా గట్టిగా చెప్పేది. నెట్టు చవకయ్యాక ఇక పట్టపగ్గాల్లేవు. దోవన పోయేవాళ్లు "అదిగో, మొదలెట్టినాది" అని నవ్వుకుంటూ పోయేవారు. ఊరు అలవాటు పడిపోయింది. నేనూ సంతోషించాను. ఆ అలవాటే ఏం చేస్తుందో అప్పుడు తెలియలేదు.

పదో రోజు కార్యానికి అందరూ వచ్చారు. "మా మారాణి. ఎవుల సేతా సేయించుకోకుండా ఎలిపోనాది" అని ఒకటే పొగడ్తలు. కొట్టించిన నోళ్లే. అరిటాకులు తుడుస్తూ పెద్దమ్మ, ఎంతో మామూలుగా, నాతో అంది. "ఆ మజ్జానం అరిసినాదమ్మా మీయత్త. 'ఓలమ్మో, ఎవులైనా రండి' అని రెండు మూడుసార్లు అరిసినాది. నానూ ఇన్నాను. రోజూ ఆడీ పోన్ల ఆటే అనుకున్నాను."

చేతిలో చెంబు ఎత్తి కొట్టాలనిపించింది. కొట్టలేదు, అరిచాను. ఏమీ కానప్పుడు పదిమంది తలుపు విరగ్గొట్టుకుని వచ్చారు కదమ్మా, ప్రాణం పోతున్నప్పుడు బార్లా తీసున్న తలుపు దాటి ఒక్కరు రాలేకపోయారా అని అరిచాను. నాన్న వచ్చి, "ఒగ్గీయే. పదిమందిల బాగోదు" అన్నాడు. "ఆ పదిమందే కదా నాన్నా" అన్నాను. ఎవరో పెద్దమనిషి, ఆ ఫోన్ ఇంట్లో ఉంచడం మంచిది కాదు, అస్థికలతో పాటు సముద్రంలో కలిపెయ్యండన్నాడు. దాన్ని జాకెట్టులో దోపుకున్నాను. దమ్ముంటే తియ్యమన్నాను. ఎవరూ ముందుకు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్త ఇంటికి వెళ్లి ఫోన్ తెరిచాను. చూసినవన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదానికి చివర ఒకటి మిగిలి ఉంది, ముట్టుకోకుండా. లెక్కపెట్టలేదు. అప్పుడే నాన్న వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీయత్త ఏటి సూసీదే దాన్ల?" అన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాడు. అడగడానికి ఆమె పోవాల్సి వచ్చింది.

బస్సు కథ మొదటి భాగం పెట్టి చేతికిచ్చాను. పక్కన కూర్చోలేదు. దెయ్యం బెల్లు కొట్టింది. బస్సు ఆగింది. ఎవరూ దిగలేదు. ఆ పిల్ల నడుం మీద చేతులేసుకుని వెనక్కి తిరిగింది. మళ్లీ బయల్దేరిందో లేదో, మళ్లీ బెల్లు. నాన్న ఫక్కున నవ్వాడు. నవ్వి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు చూశాడు. అవతల పెద్దమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. తన చెల్లెలు ఇన్నేళ్లూ ఏ గోడ పక్కన నవ్విందో ఆయనకి అప్పుడు తెలిసింది. జాలి వేసిందా అంటే, వేసింది. కోపం పక్కనే కూర్చుంది.

"ఏటంటన్నాడే ఆడు?" అని అడిగాడు.

కింద ఇంగ్లీషులో ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. చదవలేదు. "నువ్వే చెప్పుకో నాన్నా. నీ చెల్లెలు అలాగే చెప్పుకునేది" అన్నాను.

ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆఖరి సీటులో ఆ కుర్రాడు కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. నాన్న గొంతు తగ్గించి, గోడకి వినపడకుండా, "ఆకలేస్తందంటన్నాడు" అన్నాడు.

"గట్టిగా చెప్పు" అన్నాను.

నా వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. తర్వాత, సముద్రం మీద పక్క పడవని పిలిచే గొంతుతో, "ఆకలేస్తందంటన్నాడే!" అన్నాడు.

గోడవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.